ఏడో నంబరు బిళ్ల

మొన్న వానలో భద్రాచలం గుడికి వెళ్లాను. మెట్ల దగ్గర చెప్పులు వదిలితే స్టాండు అతను నా అరచేతిలో ఒక ఇత్తడి బిళ్ల పెట్టాడు. తడిసి, చల్లగా, అంచులు అరిగిపోయి ఉంది. గుప్పిట మూసి తెరిచేసరికి వేళ్లకు వాసన పట్టింది. పాత తాళంచెవుల గుత్తిని నోట్లో పెట్టుకుంటే ఎలా ఉంటుందో అలాంటి వాసన. చిన్నప్పుడు పెట్టుకున్నాను కాబట్టి ధైర్యంగా చెప్పగలను. అక్కడే నిలబడిపోయాను. వెనకనున్న ఒకావిడ "జరుగు నాయనా, నీతోని మేం గూడ తడుస్తున్నం" అనేదాకా కదల్లేదు. లోపల దేవుడి ముందు కూడా నన్నెవరూ అంతసేపు నిలబడనివ్వలేదు.

ఆ వాసన రాజమల్లు కాకాది. ఆయన్ని మీరు చూసి ఉండరు. చూసి ఉంటే ఆయన మిమ్మల్ని లెక్కపెట్టి ఉండేవాడు, అది మీకు గుర్తుండేది. ఇల్లందు వైపు బొగ్గుబాయిలో ముప్ఫై ఏళ్లు పనిచేసి చివరికి సర్దారుగా రిటైరయ్యాడు. సర్దారంటే తలపాగా, కత్తి అనుకోకండి. నేను మొదట అలాగే అనుకుని నిరాశపడ్డాను. ఒక షిఫ్టులో భూమి కిందికి దిగే జట్టుకు పెద్ద. ఎంతమందిని దింపాడో అంతమందిని పైకి తీసుకురావాలి, ఆయన ఉద్యోగం మొత్తం ఆ ఒక్క ముక్కే. రిటైరయ్యాక భద్రాచలం వచ్చి, ఒక పెద్ద ఆటో కొని, యాత్రికులకు పర్ణశాల తిప్పి చూపించే పని పెట్టుకున్నాడు. కొన్నాళ్లకు మోకాలు బ్రేకు తొక్కనని మొండికేసింది. అప్పుడు డ్రైవరుగా నన్ను పిలిచాడు. సారపాక కాగితం మిల్లులో వెదురు లారీలు దించే కాంట్రాక్టు పని ముగిసి, ఇంట్లో కూర్చుని, మా అమ్మ దగ్గర పూటకొకసారి ఒకే ఉపన్యాసం వింటున్న రోజులవి.

వంతెన దగ్గర ఆటో స్టాండులో నా ఇంటర్వ్యూ జరిగింది.

"బండి నడపొస్తదా?"

"వస్తది కాకా."

"లెక్కలొస్తయా?"

"డిగ్రీల లెక్కలే తప్పిన."

"పదిదాక వస్తె చాలు తియ్. మన బండ్ల అంతకంటె పట్టరు."

ఆ పది ఏమిటో మర్నాడు తెలిసింది. బండి అద్దం కింద ఇనుప తీగకు గుచ్చిన పది ఇత్తడి బిళ్లలు వేలాడేవి, ఒక్కోదాని మీద ఒక్కో అంకె. బాయిలో పద్ధతి అది. దిగేవాడు బిళ్ల తీసుకుని దిగుతాడు, పైకొచ్చాక తిరిగి అప్పజెబుతాడు. ఒక్క బిళ్ల తగ్గితే కింద ఒక మనిషి ఉన్నట్టు. ఆ మనిషి వచ్చేదాకా సర్దారు ఇంటికి పోడు. ఆ పద్ధతిని కాకా ఏ మార్పూ లేకుండా సీతమ్మవారి యాత్రకు తెచ్చిపెట్టాడు. పొద్దున వంతెన దగ్గర ఎక్కేటప్పుడు ఒక్కొక్కరికీ ఒక బిళ్ల. పర్ణశాల చూసి తిరుగు ప్రయాణానికి ఎక్కేటప్పుడు ఆ బిళ్ల ఆయన చేతికి. పోవడాన్ని 'దిగుడు' అనేవాడు, రావడాన్ని 'ఎక్కుడు'. రోడ్డు మాత్రం రెండు వైపులా చదునుగానే ఉండేది.

యాత్రికులకు ఈ బిళ్లలు ఓ పట్టాన అర్థమయ్యేవి కావు. ఇది చూపిస్తే స్పెషల్ దర్శనమా అని ఒకాయన గుడిలో వాదనకు దిగాడు. ఖమ్మం నుంచి వచ్చిన ఒక ముసలమ్మ కళ్లకద్దుకుని, కొంగున ముడేసుకుని, కాకా ఏమరుపాటులో లాడ్జికి తీసుకుపోయింది. వెనకాలే వెళ్లి అడిగితే "దేవుడిచ్చింది మళ్ల అడుగుతర్రా?" అని మమ్మల్నే మందలించింది. కాకా చేతులు కట్టుకుని అరగంట నిలబడి, బదులుగా కుంకుమ పొట్లం ఇచ్చి, బిళ్ల విడిపించుకొచ్చాడు. "కొత్తది చేయిస్తె పోయేది గద కాకా" అన్నాను. "చేయిస్తె? గా ముసలమ్మ ఇంక కిందనే ఉన్నట్టు గదరా" అన్నాడు. ఆ ముసలమ్మ అప్పటికి లాడ్జిలో భోంచేసి గురకపెడుతోంది. నాకేమీ అర్థం కాలేదు. ఆయన దగ్గర పనిచేసిన రెండేళ్లూ నా స్థితి దాదాపు ఇదే.

ఒకసారి నేనే అడిగాను. "కాకా, నాకు బిళ్ల లేదా? రేపు నేను గోదాట్ల పడితే ఎవలకు తెలుస్తది?"

"నువ్వు లేకుంటె బండి కదల్ది. బండే చెప్తది. నీకెందుకు బిళ్ల?"

"మరి నీకు?"

"నేను లెక్కపెట్టెటోన్ని. నన్నెవడు లెక్కపెడతడు?"

ఈ మాట ఇప్పుడు రాస్తుంటే బరువుగా కనిపిస్తోంది. అప్పుడాయన దీన్ని పంటి సందున ఇరుక్కున్న పుంటికూర తీసుకుంటూ అన్నాడు.

మా దారిలోనే ఒక తిరకాసు ఉంది. భద్రాచలం నుంచి పర్ణశాల వెళ్లే రోడ్డు మీద ముందు ఎటపాక వస్తుంది, జటాయువు రెక్క తెగి పడిందని చెప్పే చోటు. సీతమ్మను ఎత్తుకుపోయిన పర్ణశాల ఆ తర్వాత ఎంతో దూరానికి వస్తుంది. అంటే రోడ్డు ప్రకారం వెళ్తే ముందు పక్షి చచ్చిపోతుంది, ఆ తర్వాత దొంగతనం జరుగుతుంది. దానికి తోడు మధ్యలో రాష్ట్రం మారుతుంది. ఎటపాక దగ్గర ఆంధ్ర బోర్డు, దాటితే మళ్లీ తెలంగాణ. "నేరం తెలంగాణల, సాక్షి ఆంధ్రల. అందుకే కేసు తేల్తానికి లంక దాక పోవాల్సొచ్చింది" అని నేను యాత్రికులకు చెప్పేవాడిని. వాళ్లు నవ్వేవారు. కాకా నవ్వేవాడు కాదు, అలాగని వద్దనేవాడూ కాదు. ఆయన నియమం ఒక్కటే: దిగుడులో ఎటపాక దగ్గర బండి ఆపకూడదు, ఎక్కుడులోనే ఆపాలి. "ఏమైందో తెల్వకముందే ఎవలు సచ్చిండ్రో చెప్తె మనిషి ఆగమైతడు" అనేవాడు. పర్ణశాలలో సీతమ్మ నార చీరలు ఆరేసిన బండలనీ, అవతలి ఒడ్డున రావణుడు రథం ఆపిన గుట్టనూ చూపించేటప్పుడు ఆయన గొంతు ఎక్కడా పెరిగేది కాదు. షిఫ్టు మారేటప్పుడు పని అప్పజెప్పే మనిషిలా చెప్పేవాడు. గీడ గిట్ల జరిగింది, గాడ గట్ల జరిగింది, ఇంక మీరు చూస్కోండి.

రెండో ఏడు ఎండాకాలంలో ఆయన మాటలు చెదరడం మొదలైంది. ఒకరోజు దిగుడులోనే ఎటపాక దగ్గర ఆపమన్నాడు. ఆపాను. కథ మొత్తం చెప్పి, పర్ణశాల చేరాక "జటాయువు సంగతి తిరిగొచ్చేటప్పుడు చెప్త" అన్నాడు. నేను వెంటనే "ఆ పక్షి ఇయ్యాల రెండు షిఫ్టులు చేస్తుంది" అన్నాను. బండి గొల్లున నవ్వింది. ఇంకో రోజు సీతమ్మను ఎత్తుకుపోయినవాడి పేరు గుర్తురాక గుట్ట వైపు వేలు చూపిస్తూ నిలబడ్డాడు. "పేరు చెప్తె పరువునష్టం కేసేస్తడని కాకా భయం" అన్నాను. మళ్లీ నవ్వులు. ఆయన తప్పేదో, నా జోకేదో ఎవరికీ తెలియకుండా పోయింది. కొన్నాళ్లకు నాకే తెలియకుండా పోయింది. మతిమరుపా, వయసా, ఎండా, లేక రెండేళ్లు నా పక్కన కూర్చున్న పాపానికి ఆయనకూ వేళాకోళం అబ్బిందా?

ఆయన కూతురు సుజాతక్క పాల్వంచలో ఉంటుంది. బావ కరెంటు ప్లాంటులో షిఫ్టు పని. వారానికోసారి నాకు ఫోన్ చేసేది.

"తమ్మీ, నాయిన మంచిగున్నడా? నిన్న నాకు ఫోన్ చేసి అమ్మకియ్యిమన్నడు. అమ్మ పోయి ఆరేండ్లాయె. నువ్వే చూస్తున్నవు రోజూ. మంచిగ లేడంటె చెప్పు, తీస్కొచ్చి నా దగ్గర పెట్టుకుంట."

"మంచిగున్నడక్కా. నన్ను తిట్టుడు ఒక్కనాడు మర్వలే" అనేవాడిని. ఆ బండి మీద నుంచి దించితే ఆయన ఏమైపోతాడో నాకు తెలుసు. దించకపోతే ఏమవుతుందో తెలియదు. రెంటి మధ్యా నేను జోకులేస్తూ గడిపేశాను.

అంతలో సారపాక మిల్లులో మళ్లీ మనుషుల్ని తీసుకుంటున్నారని కబురొచ్చింది. దుమ్ముగూడెం టీ కొట్టు దగ్గర కాకాతో చెప్పాను. "ఇంక నెల రోజులుంట కాకా. తర్వాత మిల్లుకు పోత." ఆయన టీ మొత్తం తాగి, గ్లాసు బోర్లించి, "మంచిదే. పక్కా పని" అన్నాడు. లేస్తూ "అయితె నువ్వు గూడ పోయెటోనివే" అన్నాడు. నేను టీ డబ్బులిచ్చి బండి తీశాను.

మర్నాడు తెనాలి నుంచి ఒక కుటుంబం ఎక్కింది. ఒక రిటైర్డ్ మాస్టారు, ఆయన భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు. ఆరుగురు. సాయంత్రం కొత్తగూడెంలో వాళ్లకు రైలు ఉంది. నేను బండి తుడుస్తుంటే కాకా బిళ్లలు పంచాడు. ఉక్కపోతగా ఉంది. నా ఖాకీ అంగి ఎప్పటిలా సీటు వెనక కొక్కేనికి వేలాడుతోంది. పోలీసులు కనిపిస్తేనే తొడుక్కునేవాడిని. పర్ణశాల అంతా చూశారు, పడవెక్కి గోదావరిలో ఒక చుట్టు తిరిగొచ్చారు, వెదురు బొమ్మలు కొన్నారు. మూడింటికి బండెక్కారు. కాకా ఆరు బిళ్లలు తీగకు గుచ్చి అలాగే నిలబడ్డాడు.

"ఏడు రాలె" అన్నాడు.

"ఏడెక్కడిది కాకా? ఆరుగురే గద."

"ఏడిచ్చిన. పొద్దుగాల నా చేత్తోని ఇచ్చిన."

మాస్టారు కిందికి దిగాడు. "మేం ఆరుగురమేనండీ. మా ఇంట్లో ఎంతమందిమో నాకు తెలియదా?"

కాకా వినలేదు. తీగ మీద ఆరో నంబరు పక్కన ఖాళీ చూపించాడు. ఏడో నంబరు నిజంగానే లేదు. ఎనిమిది, తొమ్మిది, పది ఉన్నాయి. అందరి సంచులూ, కొంగులూ, జేబులూ వెతికించాడు. నేను నా ప్యాంటు జేబులు బయటికి లాగి ఏనుగు చెవుల్లా పట్టుకుని చూపించాను. కోడళ్లిద్దరూ నవ్వారు. కాకా రేవు వైపు నడిచాడు. ఆయన మోకాలితో ఆ మెట్లు దిగడం నేను ఎప్పుడూ చూడలేదు. పడవవాళ్లను అడుగుతున్నాడు: "ఒక్కడు ఎనుకబడ్డడు. మీ పడవల గిట్ల ఎక్కిండా?"

"ఎట్లుంటడు తాతా మనిషి? ఏ రంగు అంగి?" అన్నాడు ఒక పడవతను.

కాకా నోరు తెరిచాడు. చెయ్యి ఏదో ఎత్తు చూపించబోయి గాలిలో ఆగిపోయింది. "ఎట్లుంటడో యాదికొస్తలేదు" అన్నాడు. "కని ఉన్నడు."

అందరూ చూస్తున్నారు. అలాంటి చూపులు నాకు పడవు. "కాకా, రావణుడు గిట్ల ఎత్తుకపోయిండేమో. పోతూ పోతూ ఎటపాక కాడ జటాయువునడుగుదం పా" అన్నాను.

పడవవాళ్లు నవ్వారు. కాకా నా వైపు తిరిగాడు. "నవ్వకురా. మనిషి" అన్నాడు.

తర్వాత పంచె ఎగ్గట్టి నీళ్లలోకి దిగాడు. మోకాళ్లు దాటేదాకా వెళ్లి, నీళ్లలోకి వంగి చూస్తున్నాడు. ఇద్దరు పడవవాళ్లు వెళ్లి పట్టుకుంటే విదిలించుకున్నాడు. "వానింట్ల వాళ్లకు నేనేం చెప్పాలె?" అని అరిచాడు. ఎవరింట్లో వాళ్లకో నాకు తెలియలేదు. ఇల్లందు బాయిలో ఎప్పుడో పైకి రానివాడు ఎవరైనా ఉన్నాడేమో, ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఒడ్డు మీద మాస్టారు వాచీ చూసుకుంటున్నాడు. నేను చెప్పులతోనే నీళ్లలోకి దిగి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"కాకా, ఏడోటోడు పైకొచ్చిండు. బస్సెక్కి పోయిండు. పోతూ బిళ్ల నాకిచ్చిండు. నా దగ్గర్నే ఉంది, ఇంటికి పోయినంక ఇస్త."

"నువ్వు చూసినవా?"

"చూసిన."

"మంచిగున్నడా?"

"మంచిగున్నడు."

పసిపిల్లాడిలా నా వెంట వచ్చి బండెక్కాడు. పంచె నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఎటపాక వచ్చింది, ఆపమనలేదు. నేనే ఆపనా అని చూస్తే నిద్రపోతున్నాడు. మాస్టారు దిగేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి, "మీ పెద్దాయన్ని ఎవరికైనా చూపించండి బాబూ" అన్నాడు.

ఆ సాయంత్రం సుజాతక్కకు నేనే ఫోన్ చేశాను. మొదటిసారి జోకు లేకుండా మాట్లాడాను. "లేని మనిషిని లెక్కపెడుతున్నడక్కా. ఆరుగుర్ని ఏడుగురంటున్నడు. గోదాట్ల దిగిండు. ఇంక నాతోని కాదు." అక్క "ఏదో ఒకటి అని నవ్వియ్యి తమ్మీ, భయమైతుంది" అంది. నావల్ల కాలేదు. మర్నాడు వచ్చి తీసుకుపోయింది. బండి నా దగ్గరే వదిలింది. కారెక్కేముందు కాకా వెనక సీట్లోకి తొంగిచూసి అక్కనూ, బావనూ, డ్రైవరునూ లెక్కపెట్టుకుని, అప్పుడు ఎక్కాడు.

నాలుగు రోజుల తర్వాత వంతెన దగ్గర పోలీసులు బండి ఆపారు. గబగబా ఖాకీ అంగి తొడుక్కున్నాను. "లైసెన్స్ తియ్" అన్నాడు కానిస్టేబుల్. జేబులో చెయ్యి పెట్టి చేతికందింది తీసి ఇచ్చాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు.

"లైసెన్స్ అడిగితె బిళ్ల ఇస్తవేంది?"

ఏడో నంబరు. వాన తగలకపోయినా చల్లగా ఉంది. కానిస్టేబుల్ ఇంకా ఏదో అడుగుతున్నాడు. ఆరోజు పొద్దున నేను బండి తుడుస్తుండగా, కొక్కేనికున్న నా అంగి జేబులో కాకా దాన్ని వేసి ఉండాలి. నేనూ పోయేవాణ్ణేనని ముందురోజే తెలిసింది కదా, ఇక నాకూ బిళ్ల కావాలి. పర్ణశాలలో ఆయన వెతికింది నన్నే. నేను పక్కనే నిలబడి, ప్యాంటు జేబులు ఏనుగు చెవుల్లా పట్టుకుని, జనాన్ని నవ్విస్తున్నాను. లెక్క తప్పలేదు. ఏడోది ఎవరికిచ్చాడో మాత్రమే మరిచిపోయాడు. ఇంతకీ ఆయన బాగున్నట్టా, బాగులేనట్టా? నేను అక్కతో చెప్పింది నిజమా, అబద్ధమా? బిళ్ల నా దగ్గరే ఉందని నీళ్లలో నిలబడి ఆడిన అబద్ధమైతే నిజమని తేలింది. మిగతావి ఇప్పటికీ తేలలేదు.

ఆ ఆదివారం పాల్వంచ వెళ్లాను. క్వార్టర్ల గేటు దగ్గర కుర్చీ వేసుకుని, షిఫ్టు బస్సు దిగేవాళ్లను చూస్తూ కూర్చున్నాడు. పెదవులు కదులుతున్నాయి. నేను బిళ్ల ఆయన చేతిలో పెట్టాను. బొటనవేలితో అంకె తడిమాడు.

"ఎవలిది?"

"నాదే కాకా. నువ్వే ఏసినవు, నా అంగి జేబుల."

నా మొహంలోకి చూశాడు. "మిల్లుకు పోయినవా?" అన్నాడు.

అది గుర్తుంది. "పోలే కాకా."

"ఇంక బండి మీదనే ఉన్నవా?"

"అవ్."

"మరి పైకి రాకముందే బిళ్ల ఇస్తవేందిరా, తెలివి లేదా? పైకొచ్చినంక ఇయ్యి." బిళ్ల నా జేబులో వేసి, పైనుంచి రెండుసార్లు తట్టాడు. తర్వాత లోపలికి తిరిగి కేకేశాడు: "సుజాతా, ఎవలో పిలగాడొచ్చిండు. ఎవలు కావాల్నో అడుగు బిడ్డా."

అక్క కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నేను చాయ్ తాగి వచ్చేశాను. చక్కెర ఎక్కువైందని కూడా చెప్పాను. ఏదో ఒకటి చెప్పాలి కదా.

పోయిన వానాకాలంలో కాకా పోయాడు. నేను మిల్లుకు వెళ్లలేదు. ఎందుకని మా అమ్మ ఇప్పటికీ పూటకొకసారి అడుగుతుంది. పొద్దున వంతెన దగ్గర బిళ్లలు పంచుతాను, పర్ణశాలలో వెనక్కి తీసుకుంటాను, దిగుడులో ఎటపాక దగ్గర ఆపను. తీగ మీద ఆరు తర్వాత ఎనిమిది ఉంటుంది. మధ్యలో ఏమైందని పిల్లలు అడుగుతారు, రావణుడెత్తుకుపోయాడని చెబుతాను.

మొన్న గుడి మెట్లు దిగి వచ్చేసరికి వాన తగ్గింది. జేబులో చెయ్యి పెడితే రెండు బిళ్లలు తగిలాయి. రెండూ బయటికి తీసి, అంకెలు చూసి, స్టాండుది స్టాండు అతనికిచ్చి చెప్పులు తీసుకున్నాను. ఏడో నంబరుది మళ్లీ జేబులో వేసుకున్నాను. పైకొచ్చాక ఇవ్వమన్నాడు కాకా. ఎవరికివ్వాలో మాత్రం చెప్పలేదు.